దగ్గు చెప్పే మనిషి

మొన్న మధ్యాహ్నం మా మెడికల్ షాపులో పెద్దగా జనం లేరు. గోడ మీద టీవీలో ఏదో పాత సినిమా నడుస్తోంది. నేను అటు వీపు పెట్టుకుని గడువు తీరిన మందులు ఏరి అట్టపెట్టెలో వేస్తున్నాను. ఇంతలో వెనక ఎవరో దగ్గారు. రెండు చిన్న దగ్గులు, ఒక గుటక, ఆ తర్వాత ఒక పెద్ద దగ్గు. నా చెయ్యి దానంతటదే రెండో అరలోని సిరప్ సీసా మీదికి పోయింది. "కూసోండి సార్, ఇస్తున్న" అని కూడా అనేశాను. తిరిగి చూస్తే కౌంటర్ ముందు నరపురుగు లేదు. టీవీలో ఒక మీసాల జమీందారు మంచాన పడి ఉన్నాడు. మూతి అతనిది, దగ్గు మా సారుది. సారు పోయి ఏడాది దాటింది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. నా తిక్క చూడండి, లేని మనిషికి సిరప్ తీసి కౌంటర్ మీద పెట్టాను కూడా.

కృష్ణానగర్‌లో మందుల షాపు నడిపే నాకు సినిమావాళ్లు కొత్త కాదు. డాన్సర్లు మోకాళ్లకి స్ప్రే కోసం వస్తారు. ఫైటర్లు కట్టుగుడ్డల కోసం వస్తారు. రేపో మాపో హీరో కాబోయేవాళ్లు రంగు తేలే క్రీము కోసం వచ్చి, నేను వద్దంటే అలిగిపోతారు. కానీ దగ్గి బతికే మనిషిని మాత్రం ఆయన్నొక్కరినే చూశాను. మొదటిసారి వచ్చినప్పుడు ఏం చేస్తారని అడిగితే, "డబ్బింగ్ చెబుతానమ్మా" అన్నారు.

"ఎవరికి సార్?"

"ఎవరికైనా. ఒంట్లో బాగోకపోతే చాలు."

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. హీరోలకీ విలన్లకీ గొంతు ఇచ్చేవాళ్లు వేరే ఉంటారట. మాటలన్నీ అయ్యాక కొన్ని మిగిలిపోతాయి. మూలుగు, ఎక్కిళ్లు, తుమ్ము, దగ్గు. వాటిని రియాక్షన్లు అంటారట. షూటింగులో నటుడు దగ్గింది పనికిరాదు కాబట్టి, డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి ఎవరో ఒకరు మళ్లీ దగ్గాలి. పెద్ద నటులు గొంతు పాడవుతుందని ఆ పని పెట్టుకోరు. అప్పుడు ఫిల్మ్ నగర్ నుంచి ఈయనకి ఫోన్ వస్తుంది. యూసుఫ్‌గూడ నుంచి ఆటో ఎక్కి వెళ్లి, దగ్గి, మళ్లీ ఆటో ఎక్కి వస్తారు. "నిన్న మూడు దగ్గులు చెప్పానమ్మా" అని ఎంత మామూలుగా అనేవారంటే, మనం మూడు చపాతీలు తిన్నామని చెప్పుకున్నట్టు.

దగ్గే ముందు ఒక తతంగం ఉండేది. కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టాలి. చేతిరుమాలు నాలుగు మడతలు వేసి ఎడమ చేతిలో పట్టుకోవాలి. కుడి చేతి చూపుడువేలు పైకెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమనాలి. అంతా అయ్యాక దగ్గి, మన మొహంలోకి చూసేవారు, మార్కులెన్ని వేస్తామా అని.

"ఇది కూతురు చెప్పకుండా పెళ్లి చేసుకుందని తెలిసిన తండ్రి దగ్గు. ఛాతీలోంచి బయల్దేరాలి, కానీ పరువు అడ్డం రావాలి. సగంలో ఆగిపోవాలి. చూశావా?"

"మరి పాలల్ల విషం కలిపితే ఎట్ల దగ్గుతరు సార్?"

"అబ్బే, అది దగ్గు కాదమ్మా, పొలమారడం. దానికి వేరే ఆయనున్నాడు." ఆ వేరే ఆయన పేరు ఎత్తగానే కొంచెం మూతి తిప్పేవారు.

ఈ ప్రదర్శన నడుస్తుండగా ఎవరైనా కొత్తవాళ్లు షాపుకొస్తే మరీ సంబరం. ఒకసారి ఒకావిడ మాస్కు ముక్కు మీదికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసి, "పెద్దాయనకి టీబీ ఉన్నట్టుంది, లోపలెందుకు కూర్చోబెట్టావమ్మా" అని నన్ను కసిరింది. ఆయన ఆ మాటని వారం రోజులు చెప్పుకు తిరిగారు. నాకు బేరం పోయింది, ఆయనకి అవార్డు వచ్చింది.

అసలు ఆయన మాటలు చెబుదామనే హైదరాబాదు వచ్చారు. గుంటూరు వైపు నాటకాల్లో రాజు వేషాలు వేసేవారట. మొదటి రోజు మైకు ముందు నిలబెట్టి ఏదో చదవమంటే, నోరు తెరిచేలోపు గొంతులో ఏదో అడ్డం పడి దగ్గొచ్చిందట. అద్దం వెనక కూర్చున్న సౌండ్ ఇంజనీరు ఎగిరి గంతేసి, ఇలాంటి దగ్గు కోసమే వారం నుంచి చూస్తున్నామని రికార్డు చేసేసుకున్నాడట. "చదవాల్సిన కాయితం చేతిలోనే ఉండిపోయిందమ్మా. అప్పట్నుంచీ దగ్గుకే పిలుస్తున్నారు" అని నవ్వేవారు. ముప్పై ఏళ్లు. ఒక్క మాట చెప్పలేదు. నవ్వుతూనే చెప్పేవారు గానీ, ఆ ఒక్క ముక్క దగ్గర ఆయన గొంతు కొద్దిగా మారేది.

అలాంటి మనిషి ఒకరోజు వచ్చి, తల తిరగకుండా, నిద్ర రాకుండా దగ్గు ఆగే సిరప్ కావాలన్నారు.

"ఏంది సార్, మీకు దగ్గు రావాలె గని పోవుడేంది? కడుపు మీద కొట్టుకుంటరా?" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, కౌంటర్ మీదికి వంగి, చాలా రహస్యంగా, "ఏడు వాక్యాలొచ్చాయమ్మా" అన్నారు.

ఏదో చిన్న సినిమా. హీరోయిన్ తండ్రి వేషం వేసినాయనకి తెలుగు రాదు. కుర్ర డైరెక్టరు ఎవరూ వినని గొంతు కావాలని వెతికి వెతికి, చివరికి ఈ దగ్గులాయన మామూలుగా మాట్లాడుతుంటే విని, మీరే చెప్పండి అన్నాడట. ఊరు వదిలి వెళ్తున్న కూతురికి తండ్రి బస్టాండులో చెప్పే మాటలు. ఏడు వాక్యాలు, ఒకటే షాటు, మధ్యలో కోత లేదు. కాయితం జేబులోంచి తీసి నాకు చదివి వినిపించారు. వాక్యాలు గొప్పవేం కావు. జాగ్రత్తగా ఉండు, తిండి వేళకి తిను, నా గురించి బెంగ పెట్టుకోకు, అలాంటివే. కానీ ఆయన చదువుతుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు. నాలుగో వాక్యం దగ్గర దగ్గొచ్చింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ నాలుగో వాక్యం, మళ్లీ దగ్గు. ఈసారి కళ్లద్దాలు తియ్యలేదు, వేలెత్తలేదు, చేతిరుమాలు మడత పెట్టలేదు.

"ఎన్ని దినాల సంది సార్ ఈ దగ్గు?"

"మూడు నెలలుంటుందేమో."

"మూడు నెల్లా! రోజు విడిచి రోజు నా ముందల కూసొని దగ్గుతనే ఉంటిరి గద సార్!"

"కొన్ని అవీ, కొన్ని ఇవీనమ్మా" అన్నారు తప్పు చేసినవాడిలా.

నాకు తల కొట్టేసినట్టయింది. బీఫార్మసీ చదివాను, పన్నెండేళ్లుగా దగ్గులకి మందులిస్తున్నాను, కళ్లముందు మనిషి మూడు నెలలు దగ్గుతుంటే ప్రదర్శన అనుకుని మాత్రల పట్టీలు కత్తిరించుకుంటూ కూర్చున్నాను. డబ్బింగ్ థియేటర్లో వాళ్లదీ అదే వరస. అంతకు ముందు నెలలో మైకు దగ్గర అసలు దగ్గే వచ్చేసిందట. లోపల్నుంచి ఇంజనీరు, "సార్, ఇది న్యాచురల్‌గా లేదు, ఇంకో టేక్ ఇవ్వండి" అన్నాడట. అది చెప్పి ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వుతూ దగ్గారు. అందులో ఏది ఏదో నాకైతే తెలియలేదు.

పక్క వీధిలోని డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన రెండు రాశారు. ఒకటి ఛాతీ ఎక్స్‌రే, అది ముందు. రెండోది సిరప్. కోడీన్ ఉన్నదైతే మత్తుగా ఉంటుందని, నోస్కాపిన్ ఉన్నది రాశారు. మా సారు ఎక్స్‌రే చీటీని భద్రంగా జేబులో పెట్టుకుని, సిరప్ చీటీ మాత్రమే నా ముందు పెట్టారు.

"ఇందులో ఏముందమ్మా?"

"నోస్కాపిన్ సార్. గసగసాల మొక్కల ఉంటది."

"గసగసాలా? మా ఆవిడ కోడికూరలో నూరి వేసేవా? అయితే ఇన్నాళ్లూ ఇంట్లోనే మందు ఉంచుకుని ఊరంతా తిరిగానా?"

"గింజలు గాదు సార్. కాయ పచ్చిగున్నప్పుడు గీస్తే పాలు కారుతయి. అవి ఎండితే నల్లమందు. మార్ఫిన్, కోడీన్, ఇది, అన్నీ ఆ పాలల్లకెల్లే వస్తయి."

నల్లమందు అనేసరికి సీసా మీది నుంచి చెయ్యి తీసేశారు. "ఈ వయసులో నన్ను పోలీసు స్టేషన్ ఎక్కిస్తావా తల్లీ?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మార్ఫిన్ నొప్పి తీస్తది, మత్తిస్తది, అలవాటు చేస్తది. ఇది నొప్పి తియ్యదు, పెద్దగ మత్తియ్యదు, అలవాటు గాదు. దగ్గమని మెదడు చెప్తది చూడుండ్రి, దాన్ని జర సల్లబరుస్తది. గంతే దీని పని."

సీసా మళ్లీ చేతిలోకి తీసుకుని, "అర్థమైంది. అన్న రౌడీ, తమ్ముడు గుమస్తా" అన్నారు. ఆ రోజు నుంచి నోస్కాపిన్ పేరు మా షాపులో తమ్ముడే.

ఇక చూడాలి నా అవస్థ. నాలుగు రోజుల్లో దగ్గు సగం తగ్గింది. ఆ సగానికే ఆయన ఫిల్మ్ నగరంతా తమ్ముడి గురించి ఉపన్యాసాలు ఇచ్చేశారు. గొంతు పట్టేసినవాళ్లూ, గొంతు పట్టనివాళ్లూ అందరూ వచ్చి, "మేడమ్, తమ్ముడున్నాడా?" అని అడగడం. చీటీ లేనిదే ఇవ్వనని ఒక్కొక్కరినీ తిట్టి పంపడం. ఒకావిడ గుండె ఆపరేషన్ అయ్యి, రక్తం పల్చబడే మాత్రలు వాడుతూ ఈ సిరప్ కోసం వచ్చింది. ఆ మాత్రలతో ఇది కలిస్తే రక్తం ఇంకా పల్చబడి ఎక్కడైనా కారే ప్రమాదం ఉందని నచ్చజెప్పి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సాయంత్రం సారు మీద గట్టిగానే అరిచాను. "సార్, మీరు దగ్గు చెప్పుండ్రి, మందు నేను చెప్త" అన్నాను. తల వంచుకుని స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నారు.

"మరి ఎక్స్‌రే సంగతేంది?" అన్నాను, మంచి సమయం దొరికిందని.

"డబ్బింగ్ అయిన మర్నాడు."

"గట్ల కాదు సార్. డాక్టర్ ముందుగాల ఎక్స్‌రే అన్నడు. దగ్గు ఆగితే జబ్బు పోయినట్టు గాదు."

ఆయన నా వైపు చూడకుండా, చాలా మెల్లగా అన్నారు. "ఇప్పుడు తీయించుకుంటే ఏదో ఒకటి కనిపిస్తుంది. కనిపిస్తే నా గొంతు వణుకుతుంది. ముప్పై ఏళ్లకి ఏడు వాక్యాలొచ్చాయమ్మా. అవి అయ్యేదాకా నాకేం లేదు. పది రోజులు, అంతే."

రెండో సీసా ఇచ్చాను. చీటీ ఉంది, మోతాదు సరైనదే, నా తప్పేం లేదని ఎవరైనా అంటారు. కానీ ఇచ్చి ఉండకూడదు. ఎక్స్‌రే చూపిస్తేనే ఇస్తానని సీసా వెనక్కి పెట్టేయాల్సింది. గయ్యాళినని పేరు ఎలాగూ ఉంది, ఆ ఒక్క రోజు ఎందుకు పనికిరాలేదో ఆ గయ్యాళితనం.

డబ్బింగ్ రోజు నన్ను రమ్మన్నారు. షాపు మూసి వెళ్లాను. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ మీద చిన్న థియేటర్, వణికించే ఏసీ. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పెళ్లికొడుకులా నిలబడి ఉన్నారు. గడియారం చప్పుడు చేస్తుందని తీసి నా చేతికిచ్చారు. చెప్పులు కిర్రుమంటాయని గుమ్మం బయటే వదిలారు. నేను అద్దం వెనక ఇంజనీరు పక్కన కూర్చున్నాను. మొదటి టేకులో మాట తెర మీది మూతి కన్నా ముందు పరిగెత్తింది. రెండోదాంట్లో వెనకబడింది. మూడోసారి మొదలుపెట్టారు. నాలుగో వాక్యం అయ్యింది. అక్కడ తెర మీద తండ్రి ఒక క్షణం ఆగి కూతురి సంచీ సర్దుతాడు. ఆ ఖాళీలో మా సారు కళ్లు మూసుకుని, పిడికిలి బిగించి, ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. ఆయన మెడ నరాలు నాకు కనిపిస్తున్నాయి. నేను కూడా ఊపిరి ఆపేశాను. ఐదో వాక్యం తేటగా వచ్చింది. ఆరు. ఏడు.

"సూపర్ సార్!" అన్నాడు కుర్ర డైరెక్టరు ఇవతలి మైకులోంచి. "లాస్ట్‌లో ఒక చిన్న దగ్గు ఇచ్చేయండి సార్. క్యారెక్టర్‌కి హెల్త్ బాగోదు కదా. మీకు అది చిటికెలో పని."

సారు హెడ్‌ఫోన్లు తీశారు. చొక్కా సర్దుకున్నారు.

"బాబూ, దగ్గుకి ఇంకెవరినైనా పిలిపించుకోండి. నేను డైలాగ్ ఆర్టిస్టుని."

ఇంజనీరు నోరు తెరిచాడు. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆయన మహారాజులా నడుచుకుంటూ బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, మెట్ల మలుపు దాకా వెళ్లి, అక్కడ గోడ పట్టుకుని దగ్గడం మొదలుపెట్టారు. చాలాసేపు దగ్గారు. చేతిరుమాలు మడత పెట్టి తొందరగా జేబులో దోపుకున్నారు గానీ, దాని మీద ఎర్రటి చుక్కలు నేను చూశాను. మర్నాడు దాకా ఆగలేదు. అదే ఆటోలో నేరుగా ఎక్స్‌రేకి తీసుకుపోయాను.  దారంతా ఆయన, "నాలుగుకీ ఐదుకీ మధ్య ఎలా ఉందమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఊపిరితిత్తిలో గడ్డ. తర్వాతి పరీక్షల్లో అది క్యాన్సరని తేలింది.

వారం తర్వాత ఫోను పట్టుకుని షాపుకొచ్చారు, మొహం వెలిగిపోతూ. "చూశావా డాక్టరమ్మా! మన తమ్ముడి మీద క్యాన్సర్‌కి కూడా పరిశోధనలు జరుగుతున్నాయట! నాకు జబ్బని తెలియకముందే వైద్యం మొదలుపెట్టేశావు!"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కానీ మందు విషయంలో అబద్ధం చెప్పలేను. "నిజమే సార్, చూస్తున్నరు. కణం రెండుగ చీలేటప్పుడు లోపల సన్నని దారాల లెక్క ఉంటయి. ఇది వాటిని పట్టుకొని చీలకుండ ఆపుతదంట. గని అది ల్యాబుల, ఎలుకల మీద. మనుషులకు పని చేస్తదని తేలలే. మన సిరప్‌ల ఉన్నంత మోతాదు గూడ కాదది. మీరు ఆస్పత్రిల చెప్పిన మందే వాడాలె."

"ఎలుకలకి పనిచేస్తోందా?"

"కొన్నిటికి."

"ఏడు వాక్యాలు చెప్పినవాణ్ణి, ఎలుక వేషం వెయ్యలేనా?" అన్నారు. నేను నవ్వలేదు. అప్పుడు నా చేతి మీద చెయ్యి వేసి, "నువ్వు మొహం అలా పెట్టకు. దగ్గు నాది, ఏడు వాక్యాలు నావి. సీసా ఒక్కటే నీది" అన్నారు.

ఆ పది రోజులు ముందు పట్టుకున్నా తేడా ఉండేది కాదని పెద్ద డాక్టరు చెప్పారు. ఆ మూడు నెలల మాట ఆయన ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సినిమా విడుదలైనప్పుడు చికిత్స నడుస్తోంది. మాస్కు పెట్టుకుని, టోపీ పెట్టుకుని హాలుకి వచ్చారు. బస్టాండు సీను రాగానే నా మణికట్టు పట్టుకున్నారు. ఏడు వాక్యాలూ ఉన్నాయి, ఒక్కటీ కొయ్యలేదు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. చివర్లో తండ్రి దగ్గాడు, ఎవరి చేతో చెప్పించారు. మా సారు నా చెవి దగ్గరికి వంగి, "పొడిదగ్గు వేశారు, వెధవలు. అక్కడ కఫం ఉండాలి" అన్నారు.

చివరి రోజుల్లో నొప్పికి మార్ఫిన్ రాశారు. ఇంటికెళ్తే, "తమ్ముడి వల్ల కాలేదు, అన్న దిగాడు. రౌడీ అన్నాను గానీ మంచివాడేనమ్మా, నిద్రపోనిస్తున్నాడు" అన్నారు. అదే నేను ఆయన నోట విన్న ఆఖరి మాట.

ఆయన పోయిన పన్నెండు రోజులకి మళ్లీ యూసుఫ్‌గూడలో వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య ఎప్పుడూ నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ రోజు టీ ఇచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నిన్నొకటి అడగాలమ్మా. నా గురించి ఆయన నీ దగ్గర ఎప్పుడైనా ఏమైనా అన్నారా?" అంది.

"ఏం అన్లేదమ్మా. మీ కోడికూర గురించి తప్ప. ఎందుకు?"

"ఏం లేదు. ముప్పై ఏళ్లూ ఆయన దగ్గులు ఈ హాల్లోనే ప్రాక్టీసు చేసేవారు. నేను వంటింట్లోంచి విని బాగుందో బాలేదో చెప్పేదాన్ని. నేను బాగుందంటేనే థియేటర్‌కి వెళ్లేవారు." ఆవిడ కొంగు వదిలేసింది. "ఆ మూడు నెలలూ పొద్దున్నా సాయంత్రం దగ్గుతూనే ఉన్నారు కదమ్మా. నేను పొయ్యి దగ్గర్నుంచి, 'ఈమధ్య ఎంత బాగా వస్తోందండీ' అనేదాన్ని. ఆయన 'థాంక్స్' అనేవారు."